చిన్న పట్టాల పెద్దరాజు: పర్లాకిమిడి మహారాజా కృష్ణచంద్ర గజపతి

సిక్కోలు సీమలోని నౌపడ కూడలి వద్ద కలకత్తా–మద్రాసు ప్రధాన మార్గం నుంచి ఒక రైలుదారి వాయవ్యంగా విడివడుతుంది. టెక్కలి, తెంబూరు, పాతపట్నం దాటి రాష్ట్ర సరిహద్దును అధిగమించి పర్లాకిమిడి చేరుతుంది. అక్కడి నుంచి కాశీనగర్ మీదుగా వంశధార లోయ వెంబడి సాగి రాయగడ జిల్లాలోని గునుపూరు వద్ద ఆగుతుంది. తొంభై కిలోమీటర్ల ఈ దారిలో నిత్యం ప్రయాణించే సరిహద్దు పల్లెల కుటుంబాలు అనేకం. బిడ్డల చదువుకూ, వైద్యానికీ, పెళ్లిళ్లకూ, సంతలకూ ఈ రైలే ఆధారం. ఇది ప్రభుత్వ ఖజానా నుంచి పుట్టిన మార్గం కాదు. ఒక జమీందారీ సొంత ధనంతో మొదలై, ఏళ్ల తరబడి నష్టాలు భరించి నిలిచిన మార్గం. తండ్రి నాటిన ఆ మొక్కను గునుపూరు దాకా పాకించిన కుమారుడే మహారాజా శ్రీ కృష్ణచంద్ర గజపతి నారాయణ దేవ్. ఒడిశా రాష్ట్ర నిర్మాతలలో ఒకరిగా ఆయన కీర్తి దేశమంతటా తెలిసినదే. ఆయన జీవితంలో రైలుకున్న స్థానం మాత్రం అంతగా ప్రచారంలోకి రాలేదు.

జననం, బాల్యం

కృష్ణచంద్ర గజపతి 1892 ఏప్రిల్ 26న పర్లాకిమిడి రాజకుటుంబంలో జన్మించారు. తండ్రి గౌరచంద్ర గజపతి నారాయణ దేవ్. వీరిది తూర్పు గాంగుల వంశపరంపర. ఆనాడు పర్లాకిమిడి మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాలో ఒక పెద్ద జమీందారీ. పట్టణంలో ఒరియా, తెలుగు భాషలు రెండూ పెనవేసుకొని ఉండేవి. కొండలపై సవరలు నివసించేవారు. వాడుక భాషోద్యమ సారథి గిడుగు రామమూర్తి 1880లో ఉపాధ్యాయుడిగా అడుగుపెట్టినది ఈ రాజావారి పాఠశాలలోనే. అర్ధశతాబ్దికి పైగా ఆయన ఈ ఊరినే తన కార్యక్షేత్రం చేసుకొని, సవర భాషను నేర్చి, ఆ భాషకు వ్యాకరణ నిఘంటువులను సమకూర్చారు. అటువంటి విద్యావాతావరణంలో యువరాజు పెరిగారు.

గౌరచంద్ర గజపతి మరణించేనాటికి కుమారుడు మైనరు. అందువల్ల జమీందారీ కోర్ట్ ఆఫ్ వార్డ్స్ నిర్వహణలోకి వెళ్లింది. జమీందారుల బిడ్డలకై మద్రాసులో నెలకొల్పిన న్యూయింగ్టన్ విద్యాలయంలో కృష్ణచంద్రులు చదువుకున్నారు. 1913లో ఇరవై ఒకటవ ఏట ఎస్టేటు పాలనను స్వీకరించారు. తండ్రి నుంచి ఆయనకు సంక్రమించిన ఆస్తులలో కోట, భూములు, తోటలతో పాటు ఒక రైలుమార్గం కూడా ఉంది.

తండ్రి వేసిన పట్టాలు

1890ల మధ్యలో తూర్పు కోస్తా రైలుమార్గం పూర్తయి నౌపడ మీదుగా రైళ్లు తిరగసాగాయి. పర్లాకిమిడి మాత్రం ఆ దారికి నలభై కిలోమీటర్ల దూరంలో ఉండిపోయింది. బండిదారిలో ఎడ్లబండిపై ఆ దూరం దాటడానికి ఒక దినమంతా పట్టేది. వానాకాలంలో వాగులు పొంగితే ఆ దారీ మూసుకుపోయేది. ప్రధాన మార్గానికి శాఖను వేయమంటే రైలు కంపెనీలకు లాభం కనిపించదు. అప్పుడు గౌరచంద్ర గజపతి తన సొమ్ముతోనే మార్గం వేయ సంకల్పించారు. 1898లో బ్రిటిష్ ప్రభుత్వ అనుమతి లభించింది. ఆ ఏడే పని ఆరంభమైంది. 1900 ఏప్రిల్ 1న పర్లాకిమిడి లైట్ రైల్వే ప్రజల రాకపోకలకు తెరుచుకుంది.

ఈ నిర్మాణానికి అయిన వ్యయం సుమారు ఏడు లక్షల రూపాయలు. ఇరవై ఐదు మైళ్ల దారికి లెక్కిస్తే మైలుకు ఇరవై ఎనిమిది వేలు పడింది. ఖర్చు తగ్గించడానికే చిన్న పట్టాలను ఎంచుకున్నారు. ప్రధాన మార్గంలో పట్టాల మధ్య దూరం ఐదడుగుల ఆరంగుళాలు కాగా ఈ దారిలో రెండడుగుల ఆరంగుళాలే. పట్టాలు సన్ననివి, వంతెనలు ఇరుకైనవి, మలుపులు చురుకైనవి, ఇంజన్లు చిన్నవి. తక్కువ పెట్టుబడితో పల్లెలకు రైలు అందించడానికి ఆ కాలంలో దేశమంతటా అనుసరించిన పద్ధతి ఇదే.

అయితే ఆ పొదుపులోనే ఒక చిక్కు దాగి ఉంది. చిన్న బండి పెద్ద పట్టాలపై నడవదు. పర్లాకిమిడి నుంచి వెళ్లే ధాన్యం బస్తాలను నౌపడలో దింపి, మరల పెద్ద బండిలోకి ఎక్కించాలి. లోపలికి వచ్చే సరకుకూ అదే తిప్పలు. ప్రతి బస్తాకూ రెండు కూలీలు, కొంత ఆలస్యం, కొంత నష్టం తప్పేవి కావు. ప్రయాణికులు కూడా మూటాముల్లెలతో బండి మారవలసిందే. మొదటి సంవత్సరాలలో ఆదాయం ఖర్చులకు చాలలేదు. ఆ లోటును ఎస్టేటు ఖజానా పూరించింది. 1910 తరువాతగాని స్వల్ప లాభం కానరాలేదు. అంటే కృష్ణచంద్రులు అధికారం చేపట్టేనాటికి ఈ మార్గం నష్టపు ఊబి నుంచి బయటపడి మూడు నాలుగేళ్లు మాత్రమే అయింది.

గునుపూరు దాకా

యువరాజుకు ఎదురుగా రెండు దారులున్నాయి. కొద్దిపాటి లాభం తెచ్చే మార్గాన్ని ఉన్నంతలో నడుపుకోవడం ఒకటి. దానిని మరింత లోపలికి పొడిగించడం రెండవది. ఆయన తొందరపడలేదు. పదేళ్లకు పైగా వేచి చూశారు. 1924–25 తరువాత ఆదాయం నిలకడగా పెరిగింది. ఆ ధైర్యంతోనే పొడిగింపునకు పూనుకున్నారు. పని రెండు దశలలో సాగి 1929లో మొదటి భాగం, 1931లో రెండవ భాగం పూర్తయ్యాయి. చిన్న రైలు గునుపూరు చేరింది.

ఇక్కడ గమనింపదగిన విశేషం ఒకటుంది. గునుపూరు పర్లాకిమిడి ఎస్టేటులోని ఊరు కాదు. ఆనాడది విశాఖపట్నం ఏజెన్సీలో, జయపురం జమీందారీలో భాగం. తన రైలు తన పొలిమేర దాటి మరొక జమీందారుని గడ్డపై ఆగింది. అడవి సరకులకూ, వంశధార లోయ పంటలకూ గునుపూరు పెద్ద సంత. సంత ఎక్కడ ఉంటే రైలు అక్కడికి వెళ్లాలన్న వర్తక వివేకం ఈ నిర్ణయంలో కనిపిస్తుంది. ఎస్టేటు ఎల్లలు వేరు, జనం నడిచే దారులు వేరు అన్న గ్రహింపు కూడా అందులో ఇమిడి ఉంది.

అదే 1931లో పార్వతీపురం నుంచి రాయగడ మీదుగా రాయపూర్ వెళ్లే పెద్ద మార్గం పూర్తయింది. మధ్యభారతపు సరకును నిర్మాణంలో ఉన్న విశాఖ రేవుకు చేర్చడం దాని ప్రధానోద్దేశం. గునుపూరు చివరి స్టేషనుకూ, రాయగడ వైపు పెద్ద మార్గానికీ మధ్య మిగిలిన దూరం డెబ్బై కిలోమీటర్లకు కొంచెం ఎక్కువ. ఒకే ఏడాదిలో అంత దగ్గరగా వచ్చిన రెండు దారులు కలవకుండానే ఆగిపోయాయి. ఒకటి జమీందారు సొమ్ము, మరొకటి రేవు కోసం పెట్టిన పెట్టుబడి. మధ్యలో ఉన్న కొండలను తొలిచి కలపడానికి ఆ రెండింటిలో ఎవరికీ అవసరం తోచలేదు. ఆ తెగిన ముడి తరువాతి తొమ్మిది దశాబ్దాల పాటు అలాగే ఉండిపోయింది.

రాష్ట్రం కోసం పోరాటం

రైలు పొడిగింపు జరుగుతున్న సంవత్సరాలే ఆయన రాజకీయ జీవితంలోనూ కీలకమైనవి. లిన్‌లిత్‌గో అధ్యక్షతన 1926లో ఏర్పడిన రాయల్ వ్యవసాయ కమిషన్‌లో ఆయన సభ్యులు. 1930–31లో లండన్‌లో జరిగిన మొదటి రౌండ్ టేబుల్ సమావేశానికి ప్రతినిధిగా వెళ్లి, ఒరియా మాట్లాడే ప్రాంతాలకు ప్రత్యేక రాష్ట్రం కావాలని వాదించారు. సరిహద్దుల నిర్ణయానికై నియమించిన ఓడోనెల్ కమిటీలో సహసభ్యులుగా పాల్గొన్నారు. 1933లో వెలువడిన శ్వేతపత్రంలో పర్లాకిమిడి, జయపురం రెండింటికీ చోటు దక్కలేదు. ఆయన మరల లండన్ వెళ్లి ప్రయత్నించారు. చివరకు సంయుక్త పార్లమెంటరీ కమిటీ జయపురం ఎస్టేటునూ, పర్లాకిమిడి పట్టణంతో కూడిన కొంత భాగాన్నీ ఒడిశాలో చేర్చడానికి అంగీకరించింది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం అవతరించింది.

ఈ విజయానికి ఆయన చెల్లించిన మూల్యం పెద్దది. పట్టణం ఒడిశాకు వెళ్లగా ఎస్టేటులో అధిక భాగం మద్రాసు రాజధానిలోనే మిగిలిపోయింది. పట్టణంలోని తెలుగువారికి ఈ చేరిక రుచించలేదు. యాభై ఆరేళ్లు అక్కడే జీవించిన గిడుగు రామమూర్తి ఆ నిర్ణయాన్ని అంగీకరించలేక, రాష్ట్రం ఏర్పడిన నాడే పర్లాకిమిడిని విడిచి రాజమహేంద్రవరం వెళ్లిపోయారు. రాజావారి పాఠశాలలో వెలసిన మహాపండితుడు రాజావారి రాజకీయ విజయదినాన ఊరు వదలడం సరిహద్దు చరిత్రలో మరపురాని ఘట్టం. ఒరియా వారికి పండుగైన దినం తెలుగువారికి వేదన మిగిల్చింది. ఉభయులకూ వారి వారి న్యాయం ఉంది.

రైలు సంగతి మరింత విచిత్రం. సరిగ్గా ముప్పై ఆరేళ్ల క్రితం అదే ఏప్రిల్ 1న తండ్రి ప్రారంభించిన దారిని కుమారుడు సాధించిన సరిహద్దు రెండుగా చీల్చింది. నౌపడ నుంచి పాతపట్నం దాకా ఒక రాష్ట్రం, పర్లాకిమిడి నుంచి గునుపూరు దాకా మరొక రాష్ట్రం. అయినా బండి ఆగలేదు. మహేంద్రతనయ ఒడ్డున పాతపట్నంలో ఎక్కిన తెలుగు రైతు పర్లాకిమిడి సంతలో దిగేవాడు. కాశీనగర్ ఒరియా వర్తకుడు నౌపడలో బండి మారి విశాఖ వెళ్లేవాడు. పటంపై గీత పడినా ఇచ్చిపుచ్చుకోవడాలు, బంధుత్వాలు యథాతథంగా సాగాయి. అందుకు ఆ చిన్న రైలు చేసిన దోహదం సామాన్యమైనది కాదు.

ముఖ్యమంత్రిత్వం, విమర్శలు

1937 ఎన్నికలలో కాంగ్రెసు ఆధిక్యం సాధించినా మొదట మంత్రివర్గాన్ని ఏర్పరచడానికి సమ్మతించలేదు. అప్పుడు కృష్ణచంద్ర గజపతి ఏప్రిల్ 1న ఒడిశా తొలి ప్రధానిగా పదవి చేపట్టారు. నేటి ముఖ్యమంత్రి పదవిని ఆ కాలంలో అలాగే పిలిచేవారు. జూలైలో కాంగ్రెసు అధికారం స్వీకరించగా తప్పుకున్నారు. 1941 నవంబరులో రెండవసారి పదవిలోకి వచ్చి 1944 జూన్ వరకు కొనసాగారు. ఉత్కళ విశ్వవిద్యాలయం 1943లో, కటకం వైద్య కళాశాల 1944లో ఆయన హయాంలోనే వెలిశాయి.

అదే హయాంలో క్విట్ ఇండియా ఉద్యమం కూడా సాగింది. కొరాపుట్ జిల్లా మత్తిలిలో 1942 ఆగస్టులో పోలీసు కాల్పులు జరిగాయి. తెంతులిగుమ్మ గిరిజన నాయకుడు లక్ష్మణ నాయక్‌ను 1943 మార్చి 29న బరంపురం జైలులో ఉరితీశారు. మాచ్‌ఖండ్ పరిసర గిరిజనుల మనసులలో ఆ గాయం నేటికీ మానలేదు. యుద్ధకాలంలో అసలు అధికారం గవర్నరు చేతిలో ఉన్నమాట నిజమే. అయినా ఆ మంత్రివర్గానికి నాయకుడైన మహారాజు చరిత్రలో ఈ అధ్యాయాన్ని దాచిపెట్టడం న్యాయం కాదు. విద్యాలయాలు స్థాపించిన చేయీ, ఆ అణచివేత రోజులలో అధికారంలో కొనసాగిన చేయీ ఒక్కటే.

తరువాత ఆయన రాజ్యాంగ సభ సభ్యులయ్యారు. స్వాతంత్ర్యానంతరం జమీందారీ రద్దు చట్టాలు వచ్చి ఎస్టేటు ముగిసిపోయింది. సొంత రైల్వే కూడా ప్రభుత్వ రైల్వేలలో లీనమై, 1955లో ఆగ్నేయ రైల్వే ఏర్పడగా అందులో ఒక చిన్న శాఖగా మిగిలింది. 1974 మే 25న తమ ఎనభై మూడవ ఏట కృష్ణచంద్ర గజపతి పరమపదించారు. 1992లో గంజాం నుంచి విడదీసి పర్లాకిమిడి కేంద్రంగా ఏర్పరచిన జిల్లాకు గజపతి అని ఆయన పేరే పెట్టారు. గునుపూరు ఉన్న రాయగడ జిల్లా కూడా ఆ ఏడే కొరాపుట్ నుంచి విడివడింది.

రాజు వెళ్లిన తరువాత రైలు

సొంతదారుడు ఉన్నంతకాలం ఆ రైలు లాభనష్టాలను చూసుకునే ఇల్లొకటి ఉండేది. ప్రభుత్వ రైల్వేలో చేరాక అది వందలాది శాఖలలో ఒకటి. బస్సులు వచ్చాయి, లారీలు వచ్చాయి. నౌపడలో బస్తాలు మార్చే శ్రమ ఎవరికీ అక్కరలేకపోయింది. సరకు రోడ్డుకు మళ్లగా రైలుకు మిగిలింది పేద ప్రయాణికులే. ప్రయాణికుల టికెట్ల ఆదాయంతో రైలు ఖర్చు నిండదన్నది దేశమంతటా ఉన్న వాస్తవం. సరకు రవాణా ఆదాయమే ఆ లోటును పూడుస్తుంది. సరకు లేని శాఖకు కొత్త పెట్టుబడి పెట్టించడం అందుకే కష్టం.

పెద్ద పట్టాలుగా మార్చాలన్న కోరిక దశాబ్దాల పాటు విజ్ఞప్తిగానే ఉండిపోయింది. 2002లో శంకుస్థాపన జరిగింది. 2004 జూన్‌లో చిన్న రైలు ఆఖరి ప్రయాణం ముగించుకుంది. పని ముగిసి 2010లో పర్లాకిమిడి వరకు, 2011లో గునుపూరు వరకు పెద్ద బండి వచ్చింది. నడుమ ఆరేడేళ్లు ఆ లోయలో రైలు కూత వినిపించలేదు. 1898లో మొదలైన పని రెండేళ్లలో నలభై కిలోమీటర్లు ముగించగా, నూరేళ్ల తరువాత ఉన్న దారిని వెడల్పు చేయడానికి అంతకు మూడింతల కాలం పట్టింది. అనుమతులు, ఏటేటా కొద్దికొద్దిగా విడుదలయ్యే నిధులు, రెండు రాష్ట్రాల భూముల వ్యవహారాలు ఇటువంటి జాప్యాలకు సాధారణ కారణాలు. ఫలితం మాత్రం దక్కింది. నౌపడలో బండి మారే అవసరం తొలగి, గునుపూరు ప్రయాణికులు నేరుగా విశాఖకూ, పూరీకీ వెళ్లగలిగారు.

మాచ్‌ఖండ్ వైపు చూస్తే

కొరాపుట్ కొండలకు రైలు వచ్చిన తీరు దీనికి పూర్తిగా భిన్నం. ఆంధ్ర, ఒడిశాల ఉమ్మడి మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం 1955లో పని ప్రారంభించేనాటికి ఆ చుట్టుపక్కల రైలు లేదు. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవు ద్వారా జపాన్‌కు పంపడానికి 1960ల ద్వితీయార్ధంలో కొత్తవలస–కిరండూల్ మార్గం పూర్తయింది. ఖనిజపు బండ్లతో పాటు ప్రయాణికుల బండి కూడా ఆ కొండలెక్కింది. ఒనకఢిల్లి, పాడువా ప్రాంతాల కుటుంబాలు నేటికీ ఆ బండినే నమ్ముకున్నాయి. కొండచరియలు విరిగిపడిన ప్రతిసారీ మొదట ఆగేది ఆ ప్రయాణికుల బండే. కొరాపుట్ నుంచి రాయగడకు మార్గం 1998 చివరికి గాని పూర్తికాలేదు. ఖనిజం ఉన్నచోటికి పట్టాలు ముందుగా వస్తాయి, మనుషులు మాత్రమే ఉన్నచోటికి ఆలస్యంగా వస్తాయి. ఖనిజం కోసం కాక ఊరి కోసం, సంత కోసం వేసిన దారిగా పర్లాకిమిడి రైలు ఈ ప్రాంతంలో ప్రత్యేకమైనది.

1931లో తెగిన ముడికి ఇప్పుడు కదలిక వచ్చింది. గునుపూరు నుంచి రాయగడ సమీపంలోని తెరుబలికి 73.62 కిలోమీటర్ల కొత్త మార్గాన్ని 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించింది. అదే నిర్ణయంలో జునాగఢ్–నవరంగపూర్, మల్కన్‌గిరి నుంచి భద్రాచలం మీదుగా పాండురంగాపురం మార్గాలు కూడా ఉన్నాయి. ఆమోదం లభించడం మొదటి మెట్టు. భూసేకరణ, అటవీ అనుమతులు, ఏటేటా బడ్జెట్ కేటాయింపులు ఆపైన ఎక్కవలసిన మెట్లు.

మరొక మార్పు కూడా సరిహద్దు ప్రజలు గమనించవలసినది. 2025 ఫిబ్రవరిలో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన విభజన ప్రకారం నౌపడ–పర్లాకిమిడి భాగం దక్షిణ కోస్తా రైల్వేలోని విశాఖపట్నం డివిజన్‌కు, పర్లాకిమిడి–గునుపూరు భాగం తూర్పు కోస్తా రైల్వేలోని కొత్త రాయగడ డివిజన్‌కు చెందుతాయి. తండ్రి వేసిన భాగం ఒక జోన్‌కు, కుమారుడు పొడిగించిన భాగం మరొక జోన్‌కు దక్కాయన్నమాట. 1936లో రాష్ట్రాల మధ్య పడిన గీత రైల్వే పాలనలోకీ వచ్చింది. ఒక బండి వేళలు మార్చాలన్నా, కొత్త బండి వేయాలన్నా ఇకపై రెండు కార్యాలయాల సమ్మతి కావలసి వస్తుంది. ఆ సమన్వయం కుదిరితే ప్రయాణికులకు తేడా తెలియదు. కుదరకపోతే ముందుగా నష్టపోయేది పాతపట్నం, పర్లాకిమిడి, కాశీనగర్, గునుపూరు పల్లెలే.

కృష్ణచంద్ర గజపతి జీవితంలో సరిహద్దును గీయించిన నాయకుడూ, సరిహద్దులను లెక్కచేయక పట్టాలు వేయించిన జమీందారూ కలిసే ఉన్నారు. మొదటివారి కృషిని ఒడిశా ఏటా స్మరిస్తుంది. రెండవవారి కృషి ఫలాన్ని ఇరు రాష్ట్రాల ప్రజలు నిత్యం అనుభవిస్తున్నారు. లోటును కొన్నేళ్లు భరించే ఓర్పు, ఆదాయం నిలిచాక దానిని మరింత లోపలికి పొడిగించడానికే వెచ్చించే బుద్ధి ఆ చిన్న రైలును నిలబెట్టాయి. గునుపూరు–తెరుబలి దారి పూర్తయిన నాడు నౌపడలో బయలుదేరిన బండి రాయగడ చేరుతుంది. పర్లాకిమిడి రాజులు మొదలుపెట్టిన పనిలో మిగిలిన భాగం అప్పటికి పూర్తయినట్లు.